అతి పెద్దది, అతి పొడవైనది, అతి ఎత్తైనది: పిల్లలకు ఏ జవాబు చెప్పాలి?

కావలి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో కొత్తగా చేరానంటూ మీరు అడిగిన ప్రశ్నను రెండుసార్లు చదివాను. ఎనిమిదో తరగతి పిల్లలతో ప్రపంచ వింతల మీద గోడపత్రిక వేయిస్తున్నారు. దాని మీదే క్విజ్ కూడా పెట్టాలి. ఒక పుస్తకంలో అతి పొడవైన నది నైలు అని ఉంది, ఇంకో పుస్తకంలో అమెజాన్ అని ఉంది. ఒక పిల్లవాడు ఫోనులో ఏదో చూసి వచ్చి ఎవరెస్టు అన్నిటికన్నా ఎత్తైనది కాదన్నాడు. మరో అమ్మాయి పులికాట్ దేశంలోనే అతి పెద్ద ఉప్పునీటి సరస్సు అని రాసుకొచ్చింది. వీటిలో ఏది నిజం, ఏది రాయించాలి అన్నది మీ సందేహం.

ముందు సూటిగా జవాబు చెబుతాను. సముద్రమట్టం నుంచి కొలిస్తే ఎవరెస్టే అతి ఎత్తైనది. పొడవులో నైలు 6,650 కి.మీ., అమెజాన్ సుమారు 6,400 కి.మీ. అన్నది ఎక్కువ పుస్తకాలు ఒప్పుకునే లెక్క. పారే నీటిలో మాత్రం అమెజాన్‌కు దరిదాపుల్లో కూడా మరో నది లేదు. మన దేశపు తీరంలోని ఉప్పునీటి సరస్సుల్లో ఒడిశాలోని చిలికా మొదటిది, మన పులికాట్ రెండోది. అయితే వీటిని ఇలాగే గోడమీద రాయించి వదిలేయకండి. ప్రతి రికార్డు పక్కన అది ఏ కొలతలో రికార్డో రాయించండి. ఆ ఒక్క మాట లేకపోవడం వల్లే మీ రెండు పుస్తకాలు ఒకదానితో ఒకటి పోట్లాడుతున్నట్టు కనిపిస్తున్నాయి.

నేను ముప్ఫై మూడేళ్లు సాంఘికశాస్త్రం బోధించాను. మొదటి సగం కందుకూరు చుట్టుపక్కల పల్లెల్లో (అప్పుడు అది ప్రకాశం జిల్లా), తరువాతిది నెల్లూరులో. మండల స్థాయి క్విజ్ పోటీలకు ప్రశ్నలు తయారుచేయడం చాలా ఏళ్లు నా పనే. ఆ పనిలో నేను చేసిన ఒక తప్పు ఇప్పటికీ మనసులో ఉంది, ముందు అది చెబుతాను. ఒక ఏడాది ‘ప్రపంచంలో అతి పెద్ద ఎడారి ఏది?’ అని అడిగాను. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు లేచి ‘అంటార్కిటికా’ అన్నాడు. హాలంతా నవ్వారు. నేను ‘సహారా’ అని చెప్పి, పక్క జట్టుకు మార్కులు ఇచ్చేశాను. ఆ అబ్బాయి జట్టు ఒక్క మార్కు తేడాతో రెండో స్థానంలో నిలిచింది. ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగేస్తే ఒప్పు వాడిదే. ఎడారి అన్న మాటకు ఇసుకతో గానీ, ఎండతో గానీ పని లేదు. ఏడాదికి 250 మిల్లీమీటర్ల లోపు వాన గానీ మంచు గానీ కురిసే నేలను ఎడారి అంటారు. ఆ లెక్కన అంటార్కిటికా దాదాపు 140 లక్షల చదరపు కిలోమీటర్ల మంచు ఎడారి. సహారా సుమారు 92 లక్షల చదరపు కిలోమీటర్లు. ‘అతి పెద్ద వేడి ఎడారి’ అని అడిగి ఉంటే నా జవాబు నిలబడేది. మరుసటి వారం ఆ బడికి వెళ్లి, ప్రార్థన సమయంలో అందరి ముందూ తప్పు నాదని చెప్పి వచ్చాను. అప్పటి నుంచి కొలత చెప్పకుండా ఏ ప్రశ్నా రాయలేదు.

ఎవరెస్టు సంగతికి వద్దాం. మీ విద్యార్థి చూసింది బహుశా హవాయి దీవుల్లోని మౌనా కియా గురించి అయి ఉంటుంది. అది అగ్నిపర్వతం. సముద్రం పైకి కనిపించేది 4,207 మీటర్లే, కానీ దాని పాదం పసిఫిక్ అడుగున ఉంది. అక్కడి నుంచి కొస దాకా కొలిస్తే పదివేల మీటర్ల పైమాటే. అంటే పాదం నుంచి శిఖరం దాకా కొలిచే పద్ధతిలో అది ఎవరెస్టును దాటుతుంది. ఇంకో కొలత కూడా ఉంది, పిల్లలకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. భూమి పూర్తి గుండ్రం కాదు, నడుము దగ్గర ఉబ్బి ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం ధ్రువాల దగ్గరికన్నా సుమారు 21 కి.మీ. ఎక్కువ. ఈక్వెడార్‌లోని చింబొరాజో శిఖరం భూమధ్యరేఖకు చాలా దగ్గర. సముద్రమట్టం నుంచి దాని ఎత్తు 6,263 మీటర్లే అయినా, భూకేంద్రం నుంచి కొలిస్తే దాని కొస ఎవరెస్టు కొసకన్నా రెండు కిలోమీటర్లు ఎక్కువ దూరంలో ఉంటుంది. క్లాసులో ఇది చెప్పేటప్పుడు నేను ఒక గుమ్మడికాయ తీసుకెళ్లేవాణ్ని. నడుము మీద ఒక శనగగింజ, తొడిమ వైపు కాస్త పెద్ద గింజ అతికించి, మధ్య నుంచి ఏది దూరమో చూడమనేవాణ్ని. వేరే వివరణ అవసరం ఉండేది కాదు.

సముద్రమట్టం నుంచి కొలిచే ఎత్తు కూడా ఒకే అంకె దగ్గర ఆగలేదు. ఆ కథ మనకు దగ్గరిదే. 1802లో మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం లాంబ్టన్ గొలుసులతో ఒక ఆధారరేఖ కొలిచి దేశపు మహా త్రికోణమితి సర్వేను మొదలుపెట్టాడు. ఆ సర్వే ఉత్తరానికి పాకి, ఐదు దశాబ్దాల తరువాత హిమాలయాలను దూరపు మైదానాల నుంచే కోణాలతో కొలిచింది. ‘పదిహేనో నంబరు శిఖరం’ అన్నిటికన్నా ఎత్తైనదని 1852లో లెక్క కట్టి తేల్చినవాడు రాధానాథ్ సిక్దర్ అనే బెంగాలీ గణితజ్ఞుడు. 1856లో ప్రకటించిన ఎత్తు 29,002 అడుగులు, అంటే 8,840 మీటర్లు. 1955లో భారత సర్వే దాన్ని 8,848 చేసింది. 2020 డిసెంబరులో నేపాల్, చైనా కలిసి ప్రకటించిన అంకె 8,848.86. ఇప్పుడు రాయించవలసింది ఈ చివరి అంకె. పాత పుస్తకంలో 8,848 చూసి వచ్చిన పిల్లవాణ్ని తప్పన్నట్టు చూడకండి. ఆ పుస్తకం అచ్చయిన నాటికి అదే సరైన అంకె.

నదుల సంగతి ఇంకా చిక్కు. కొండకు పాదం ఎక్కడన్నది ఎంత తగువో, నదికి తల ఎక్కడ, కాళ్లెక్కడ అన్నది అంతకు మించిన తగువు. పెన్ననే తీసుకోండి. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి 597 కి.మీ. ప్రవహించి, మన ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుందని చదువుకున్నాం. చిత్రావతి, పాపాఘ్ని కూడా ఆ ప్రాంతంలోనే పుట్టి చివరికి పెన్నలోనే కలుస్తాయి. నది పేరుతో వచ్చే పాయను మాత్రమే కొలవాలా, అన్నిటికన్నా దూరం నుంచి వచ్చే ఉపనది మొదలు నుంచి కొలవాలా? పెన్న విషయంలో ఎవరూ పట్టుపట్టరు. నైలు, అమెజాన్ దగ్గర ఇదే ప్రశ్న వందల కిలోమీటర్ల తేడా తెస్తుంది. అమెజాన్ పెరూలోని ఏ ఆండీస్ వాగు దగ్గర మొదలవుతుందన్నది ఒక తగువు. చివర్లో మరాజో అనే పెద్ద దీవి చుట్టూ పాయలు చీలుతాయి. దీవికి ఉత్తరాన కొలవాలా, దక్షిణపు పాయ వెంట కొలవాలా అన్నది మరో తగువు. 2007లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు దూరపు వాగును, దక్షిణపు పాయను కలిపి కొలిచి అమెజాన్ 6,800 కి.మీ. అని, నైలును దాటిందని ప్రకటించారు. అందరూ ఒప్పుకోలేదు. మీ రెండు పుస్తకాల తేడా ఇక్కడి నుంచి వచ్చింది.

నీటి లెక్కలో మాత్రం తగువు లేదు. 2021 నవంబరులో పడుగుపాడు దగ్గర రైలుకట్ట కోతకు గురైన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ వరదలో పెన్నలో పారింది కొన్ని లక్షల క్యూసెక్కులు. అమెజాన్‌లో సగటున, ఏడాది పొడవునా పారేది డెబ్బై లక్షల క్యూసెక్కులకు పైమాట. ప్రపంచంలోని నదులన్నీ సముద్రాలకు ఇచ్చే మంచినీటిలో దాదాపు ఐదో వంతు దానిదే. పిల్లలకు ‘సెకనుకు రెండు లక్షల ఘనపు మీటర్లు’ అని చెబితే తలకెక్కదు. పెన్న వరద చూసిన పిల్లలకు క్యూసెక్కుల్లో చెప్పండి, కళ్లు పెద్దవి చేసుకుని వింటారు.

ఇక పులికాట్. మీ విద్యార్థిని రాసింది తప్పే అయినా, ఆ తప్పు మన నేల మీది ప్రేమతో వచ్చింది, కాబట్టి నెమ్మదిగా దిద్దండి. చిలికా వైశాల్యం ఎండాకాలంలో సుమారు 900 చదరపు కిలోమీటర్లు, వానాకాలంలో 1,100 దాటుతుంది. పులికాట్ దానిలో సగం లోపు. ఇక్కడ సరస్సు వైశాల్యమే కాలాన్ని బట్టి మారుతోందని గమనించమనండి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మధ్యగా వేసిన రోడ్డు మీద మే నెలలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి పిల్లలను తీసుకెళ్లాను. మే నెలలో రోడ్డుకు ఇరువైపులా బీటలు వారిన ఉప్పు నేల. డిసెంబరులో అదే చోట మోకాలి లోతు నీళ్లు, వాటిలో బారులు తీరిన రాజహంసలు. ‘మాస్టారూ, ఇది అదే సరస్సేనా?’ అని ఒక పిల్ల అడిగింది. ఏ నెలలో కొలిచారన్నది కూడా కొలతలో భాగమని ఆ పిల్లలకు మళ్లీ చెప్పవలసిన అవసరం రాలేదు. ఆ సరస్సు ఇప్పుడు తిరుపతి జిల్లా లెక్కలోకి వెళ్లింది. 2022కు ముందు పుస్తకాల్లో నెల్లూరు జిల్లా అని ఉంటుంది, అదీ చెప్పండి.

సరస్సుల్లో ఒక్క ‘అతి పెద్ద’ సరిపోదు. విస్తీర్ణంలో కాస్పియన్‌కు సాటి లేదు, 3,70,000 చదరపు కిలోమీటర్లకు పైనే. కానీ అది ఉప్పునీటిది, పాత సముద్రపు మిగులు. అసలు అది సముద్రమా, సరస్సా అని చుట్టూ ఉన్న ఐదు దేశాలు రెండు దశాబ్దాలకు పైగా వాదించుకున్నాయి. సరస్సు అయితే అడుగున ఉన్న చమురు ఒక రకంగా పంచుకోవాలి, సముద్రం అయితే ఇంకో రకంగా. చివరికి 2018 ఆగస్టులో కజకిస్తాన్‌లోని అక్తావులో సంతకాలు చేసిన ఒప్పందంలో రెండూ కాని ప్రత్యేక హోదా ఇచ్చుకున్నారు. మంచినీటి సరస్సుల్లో విస్తీర్ణం చూస్తే ఉత్తర అమెరికాలోని సుపీరియర్, 82,000 చదరపు కిలోమీటర్లు. నీటి పరిమాణం, లోతు, వయసు చూస్తే సైబీరియాలోని బైకాల్. దాని లోతు 1,642 మీటర్లు, వయసు రెండున్నర కోట్ల ఏళ్లు. భూమి మీద గడ్డకట్టకుండా పైన కనిపించే మంచినీటిలో ఐదో వంతు ఆ ఒక్క సరస్సులోనే ఉంది. క్విజ్‌లో ‘అతి పెద్ద సరస్సు ఏది’ అని అడిగితే ముగ్గురు పిల్లలు మూడు పేర్లు చెప్పి ముగ్గురూ ఒప్పే కావచ్చు.

వాతావరణ రికార్డుల దగ్గర మరో రకం జాగ్రత్త కావాలి. అక్కడ కొలిచిన మనిషిని, పరికరాన్ని కూడా నమ్మాలి. నేను ఉద్యోగంలో చేరిన నాటి నుంచి చాలా ఏళ్లు ‘అత్యధిక ఉష్ణోగ్రత లిబియాలోని అల్ అజీజియాలో 58 డిగ్రీలు, 1922’ అని చెప్పాను, రాయించాను. 2012లో ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని కొట్టేసింది. ఆ రోజు అనుభవం లేని ఒకరు పరికరాన్ని తప్పుగా చదివి ఉండవచ్చని విచారణలో తేలింది. తొంభై ఏళ్లు ప్రపంచమంతా వల్లె వేసిన అంకె అలా పోయింది. ఇప్పుడున్నది అమెరికాలోని డెత్ వ్యాలీలో 1913 జూలై 10న నమోదైన 56.7 డిగ్రీలు. మీ బడి గ్రంథాలయంలో పాత సాధారణ విజ్ఞాన పుస్తకాలు ఉంటే ఈ ఒక్క పేజీ తప్పక చూడండి.

గాలి విషయం కావలి వారికి ప్రత్యేకంగా చెప్పాలి. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టి, మలయా ద్వీపకల్పాన్ని దాటి, బంగాళాఖాతం అంతా ప్రయాణించి మన మీదికి వచ్చింది. ఆ రాత్రి నేను కందుకూరులో ఉన్నాను. తెల్లవారి చూస్తే మా వీధిలో నిలువునా ఉన్న చెట్టు ఒక్కటి లేదు. ఆ గాలి వేగం ఎంత అని పిల్లలు అడిగితే, పెను తుపానుల్లో కొలిచే పరికరమే ముందు విరిగిపోతుందని, చాలా అంకెలు అంచనాలేనని చెప్పేవాణ్ని. నిజంగా కొలిచిన గాలుల్లో, సుడిగాలులు పక్కన పెడితే, రికార్డు ఆస్ట్రేలియాలోని బారో దీవిది. 1996 ఏప్రిల్‌లో ఒలీవియా తుపానులో గంటకు 408 కి.మీ. వేగంతో ఒక విసురు నమోదైంది. పరికరం సరిగా పనిచేసిందా అని పరిశీలించి దాన్ని ఒప్పుకోవడానికి 2010 దాకా పట్టింది. రికార్డు ఒప్పుకోవడంలో ఇంత ఓపిక ఉంటుందని పిల్లలకు తెలియాలి.

వానకు మేఘాలయలోని ఖాసీ కొండలే. ఏటా సగటులో మాసిన్రామ్, 11,870 మిల్లీమీటర్ల పైచిలుకు. పన్నెండు నెలల మొత్తంలో రికార్డు మాత్రం పక్కనే ఉన్న చిరపుంజిదే: 1860 ఆగస్టు నుంచి 1861 జూలై దాకా 26,461 మిల్లీమీటర్లు. మన నెల్లూరులో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ కురుస్తుంది కాబట్టి, ఇక్కడ పాతికేళ్లలో పడే వాన అక్కడ ఒక్క ఏడాదిలో పడిందన్నమాట. రెండు ఊళ్లూ ఒప్పే, ఒకటి సగటు, ఒకటి గరిష్ఠం.

జలపాతాలు, చెట్లు కూడా ఇదే దారి. ఎత్తుకు వెనెజ్వెలాలోని ఏంజెల్, 979 మీటర్లు. చెట్లకు తిమ్మమ్మ మర్రిమాను చాలు. కదిరి దగ్గర ఐదెకరాల పైన పరుచుకున్న ఆ మర్రి కొమ్మల విస్తీర్ణంలో పెద్దది. కాండపు ఘనపరిమాణంలో పెద్దది కాలిఫోర్నియాలోని జనరల్ షెర్మన్, ఎత్తులో అక్కడిదే హైపీరియన్ అనే మరో చెట్టు.

మన జిల్లాల గురించి ఒక మాట. ఉమ్మడి ప్రకాశం జిల్లాలోని కంభం చెరువును ‘ఆసియాలో రెండో అతి పెద్ద చెరువు’ అని అందరూ రాస్తారు. మొదటిది ఏదని నేను చాలామందిని అడిగాను, ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్పారు. ఏ కొలతలో రెండోదో ఎవరూ చెప్పలేదు. అందుకే గోడపత్రికలో ఆ వాక్యం వద్దంటాను. దానికి బదులు గట్టిగా తెలిసినది రాయించండి: విజయనగర కాలంలో రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు కట్టవేసి కట్టారు, ఇప్పటికీ పొలాలకు నీరిస్తోంది, 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌కు మాత్రం పోటీయే లేదు. నల్లరాయిలో చుక్కల్లా మెరిసే ఆ రాయి చీమకుర్తిదే. ఆ మెరుపు బంగారం కాదనీ, బ్రాంజైట్ అనే ఖనిజపు పలుకులనీ కూడా రాయించండి. ఊళ్లో చాలామంది పెద్దలకే తెలియదు.

చివరిగా, మీ క్లాసులో తప్పక చేయించవలసిన ఒక పని. ఆంధ్ర తీరం 974 కి.మీ. అని మనమంతా చదువుకున్నాం. ఈ మధ్య కేంద్రం ఇచ్చిన కొత్త లెక్కలో అది 1,053 కి.మీ. అయింది. దేశం మొత్తం తీరం 7,516 నుంచి 11,098 కి.మీ.కు పెరిగింది. తమిళనాడు 1,068 కి.మీ.తో మనల్ని దాటి రెండో స్థానానికి వెళ్లింది, మనం మూడో స్థానంలో ఉన్నాం. సముద్రం ఎక్కడికీ పోలేదు. పాత లెక్క చిన్న పటాల మీద, వంపులన్నీ చదునైపోయిన గీత వెంట కొలిచింది. కొత్తది ఉప్పుటేర్లలోకీ, నదుల మొగల్లోకీ వెళ్లి కొలిచింది. కొలిచే ముక్క ఎంత చిన్నదైతే తీరం అంత పొడవవుతుంది. ప్రపంచంలో అతి పొడవైన తీరం కెనడాదే అన్నంతవరకు అందరూ ఒప్పుకుంటారు, కానీ రెండు లక్షల కిలోమీటర్లా, రెండు లక్షల నలభై మూడు వేలా అన్నది ఎవరి పటం అన్నదాన్ని బట్టి ఉంటుంది.

దీన్ని పిల్లలు చేత్తో చేసి చూడాలి. భారతదేశపు అట్లాసులో కృష్ణపట్నం నుంచి రామాయపట్నం దాకా తీరం వెంట దారం పరిచి, స్కేలు చూసి కిలోమీటర్లు లెక్కగట్టమనండి. తరువాత అదే తీరాన్ని జిల్లా గోడపటం మీద, ఆ తరువాత మండల పటాల మీద కొలిపించండి. మూడు జట్లుగా చేయండి, ఒకరి అంకె ఒకరికి ముందే చెప్పకండి. మూడూ వేర్వేరుగా వచ్చినప్పుడు ‘ఎవరు తప్పు చేశారు?’ అని వాళ్లే వాదించుకోవడం మొదలుపెడతారు. కాసేపు మీరు మాట్లాడకండి. నూలు దారం వాడవద్దు, లాగితే సాగి అంకె మారిపోతుంది. సన్నని పురికొసను కాస్త తడిపి పరిస్తే వంపుల దగ్గర చక్కగా కూర్చుంటుంది. ఉప్పుటేరు ముఖద్వారం దగ్గర ఒక గుండుసూది గుచ్చి, లోపలికి ఎంత దూరం వెళ్లాలన్నది మాత్రం పిల్లల్నే తేల్చుకోమనండి.